ఎలీషా పెంబర్ మాట్లాడలేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. దోమ కుడితే డేగ తన్నుకుపోయిందంటాను. మా ఆవిడ పులుసులో ఉప్పు చిటికెడు ఎక్కువైతే, మిషిగన్ చుట్టూ ఉన్న మంచినీటి సరస్సులన్నీ తాగినా దాహం తీరలేదని ఆఫీసులో చెబుతాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా అంకె కనబడితే సగానికి కోసేయండి. కోసిన సగాన్ని కూడా ఒకసారి అనుమానించండి.

ఒక్కదాన్ని మాత్రం కోయకండి. తొమ్మిదేళ్ళుగా నా గుండె మీద ఒక బరువుంది. ఎంత బరువంటే, ఒక కంచు పలకంత. ఇది ఉపమానం కాదు, అది నిజంగా కంచు పలకే. మా కాలనీ మొదట్లో ఒక బండరాయికి బిగించి ఉంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ దాని పక్కనే కారు తిప్పాలి. దాని వైపు చూడకుండా తిప్పడం నేర్చుకున్నాను. ఎదురొచ్చే కార్లు కనబడేది కూడా అటువైపే. ఈ సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకండి.

ఇంతవరకూ ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. మరి మీకెందుకు చెబుతున్నాను? మీరు నా మొహం చూడలేదు కాబట్టా? లేక నవ్వించేవాడు ఏం చెప్పినా చివరికి నవ్వేసి వదిలేస్తారని ఆశా? రెండోదే అయ్యుంటుంది. ఈసారి వదిలేయకండి.

మేముండేది డెట్రాయిట్ దగ్గర నోవై ఊరు దాటాక, పడమటి వైపు. కార్లలో సీటు కింద ఇనప పట్టాలుంటాయి, వాటిని డిజైన్ చేయడం నా ఉద్యోగం. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది చూశారా, ఆ జరగడమంతా నా ప్రతిభే. మా కాలనీ పేరు పెంబర్ మెడోస్. రెండు వందల ఇళ్ళు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొత్తలో ఆరుసార్లు పక్కింటి గరాజ్ ముందు కారాపి, తలుపు తెరుచుకోవడం లేదని రిమోట్‌ని తిట్టాను. సరే, రెండుసార్లు. ఆ ఇళ్ళన్నిటి కిందా ఒకప్పుడు ఒకే మనిషి పొలం ఉండేది. అతని పేరు ఎలీషా పెంబర్.

అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి ఈ నేల మీద గోధుమ పండించాడు, గొర్రెలు మేపాడు. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, రాష్ట్ర శాసనసభకి ఎన్నికై రెండేళ్ళు రాజధాని లాన్సింగ్‌లో కూర్చుని తిరిగొచ్చాడు. మళ్ళీ నిలబడలేదు. ఆ మనిషి చరిత్ర మొత్తం ఒక పోస్టుకార్డు మీద రాసి, మిగిలిన ఖాళీలో కిరాణా సరుకుల జాబితా కూడా రాసుకోవచ్చు.

మా ఊళ్ళో చరిత్ర కమిటీ అని ఒకటుంది. నలుగురు సభ్యులు. సగటు వయసు నూట నలభై. ఎలీషా పేరు మీద ఒక పలక పెట్టించాలని, ఒక చిన్న పుస్తకం వేయాలని వాళ్ళకి కోరిక. రాసేవాళ్ళు కావాలని లైబ్రరీలో కాగితం అంటించారు. నేను చూశాను. చెయ్యెత్తాను. ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తడం నా జబ్బు.

ఎందుకెత్తానో చెప్పాలి. మన సభల సంగతి మీకు తెలుసు. ఇక్కడి తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో ముఖ్య అతిథిని పరిచయం చేసే పని ఎన్నో ఏళ్ళుగా నాది. వచ్చినాయన పళ్ళ డాక్టరైతే, డెట్రాయిట్ నుంచి చికాగో దాకా ఎవరు నవ్వినా ఆ నవ్వు వెనక ఈయన చెయ్యి ఉందంటాను. ఒక ఐటీ మేనేజరొస్తే, ఈయన సెలవు పెట్టిన రోజు సగం ఇంటర్నెట్ నిద్రపోతుందంటాను. అతిథి తలొంచుకుని సిగ్గుపడతాడు. జనం చప్పట్లు కొడతారు. ఒక్కడూ నమ్మడు. నమ్మకపోవడం మన మర్యాద. మన దగ్గర పొగడ్త శాలువా లాంటిది. కప్పుతారు, ఫోటో దిగుతారు, మడిచి కారు డిక్కీలో పడేస్తారు. దాంతో చలి కాచుకున్నవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఎలీషాని కూడా నేను ఒక ముఖ్య అతిథే అనుకున్నాను. నా తప్పు అక్కడ మొదలైంది. ఆ నలుగురికీ శాలువా సంగతి తెలియదు. వాళ్ళు చదివింది చదివినట్టు నమ్మే మనుషులు.

సమాచారం కోసం నన్ను మార్జరీ గారి దగ్గరికి పంపారు. ఎలీషా వంశంలో ఇక్కడ మిగిలింది ఆవిడొక్కతే. అతని కూతురికి మనవరాలు. అప్పటికి ఎనభై రెండేళ్ళు. మా కాలనీ చివర, మిగతా ఇళ్ళతో ఏ పోలికా లేని ఒక పాత చెక్క ఇల్లుంది. అది ఎలీషా కట్టిందే. ఆవిడ అందులోనే ఒంటరిగా ఉండేది. మూడో తరగతి టీచరుగా పనిచేసి రిటైరైంది. నేను వెళ్ళిన రోజు మంచు చిమ్నీ దాకా పడింది. సరే, మోకాలి దాకా. సరే, బూటు మునిగేంత. ఆవిడే పారతో వాకిట్లో దారి చేస్తోంది. నేను పార అందుకోబోతే, "నీ బూట్లు చూస్తే నువ్వు నాకన్నా ముందు పడేలా ఉన్నావు" అని నన్ను లోపలికి తోలింది. వాళ్ళ ఇంగ్లీషుని నాకొచ్చిన తెలుగులో పెడుతున్నాను, కాస్త సర్దుకోండి.

టీ ఇచ్చింది. పాలు వేరే, చక్కెర వేరే, డికాక్షన్ వేరే. ఆ మూడింటినీ కలిపే బాధ్యత నాకు వదిలేసింది. తర్వాత ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎలీషా డైరీలు, అరచేతిలో పట్టేంత చిన్నవి. నా ముందే ఒక్కొక్కటీ తీసి, వేళ్ళతో లెక్కపెట్టి, మళ్ళీ పెట్టింది. పన్నెండు.

"నేనింతవరకూ పూర్తిగా చదవలేదు గానీ, వీటిలో గొప్ప సంగతులేమీ ఉండవు," అంది. "ఆయన మాటల మనిషి కాదు. నత్తి."

నేను కప్పు కింద పెట్టాను. నత్తి ఉన్న మనిషి శాసనసభ్యుడా?

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఆవిడకి కూడా నత్తి ఉండేదట. బడిలో తన పేరు తను చెప్పలేక నిలబడిపోయేదట. 'మ' దగ్గర ఆగిపోతే పిల్లలు గొర్రెల్లా 'మే' అని అరిచేవాళ్ళట. ఒకరోజు బడికి వెళ్ళనని మొండికేస్తే వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిందట, మా నాన్నకీ నీకున్నట్టే ఉండేది, అయినా ఊరంతా కలిసి ఆయన్నే లాన్సింగ్ పంపించారు, ఎందుకో తెలుసా, ఆయన ఒకసారి తలూపాడంటే ఆ పని జరిగిపోయేది అని.

"రెండేళ్ళు ఆ సభలో ఒక్క మాట మాట్లాడలేదు," అంది మార్జరీ. "గొర్రెల్ని చంపే కుక్కల మీద ఒక బిల్లు మాత్రం రాశాడు. పక్క ఊరి సభ్యుడు హార్వే దాన్ని చదివి పెట్టాడు. ఆయన పక్కన నిలబడ్డాడు, అంతే. ఆ నిలబడటం తలుచుకునే నేను టీచర్నయ్యాను. మొదటి రోజు క్లాసులో నిలబడ్డాను. మాట దానంతట అదే వచ్చింది."

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఇంతకన్నా మంచి పరిచయ వాక్యం నా జన్మలో నేను రాయలేదు. అదంతా ఆవిడ టీ తాగుతూ మామూలుగా చెప్పేసింది. నేను విన్నాను. తలూపాను. డైరీలు తీసుకుని ఇంటికొచ్చాను. వచ్చి ఏం చేశాను?

చదివాను. అదైతే నిజాయితీగానే చేశాను. పన్నెండూ చదివాను. 'వాన. కంచె బాగుచేశాను.' 'చలి. ఎర్ర ఆవు ఈనింది.' 'లాన్సింగ్ వచ్చాను. సభలో కూర్చున్నాను. మాటలు చాలా.' మర్నాడు: 'కూర్చున్నాను. మాటలు.' ఆ మర్నాడు: 'కూర్చున్నాను. గొర్రెలు గుర్తొచ్చాయి.' నాలుగు వేల పేజీలు ఇదే వరస. సరే, మీకు తెలుసుగా, కోసుకోండి. తొమ్మిదో పుస్తకంలో ఒకచోట మాత్రం పెన్సిల్ గట్టిగా నొక్కి రాసిన మూడు ముక్కలున్నాయి. 'మాట రాలేదు. హార్వే చదివాడు. ఇంటికి ఉత్తరం రాశాను.'

మార్జరీ చెప్పింది అక్షరాలా అక్కడుంది. నేను కళ్ళారా చూశాను.

చూసి, రాయడానికి కూర్చున్నాను. పేజీ మీద ఆ మనిషి ఊరికే కూర్చున్నాడు, నిలబడ్డాడు, ఇంటికెళ్ళాడు. నా చెయ్యి ఊరుకోలేదు. మొదట సభలో ఒకసారి లేచాడని రాశాను. లేచినవాడు ఊరికే ఎందుకుంటాడు, గొంతు సవరించుకున్నాడని రాశాను. సవరించుకున్నాక ఇంకేముంది? మూడు గంటలు ప్రసంగించాడు. చచ్చిపోయిన గొర్రెపిల్లల గురించి అతను చెబుతుంటే సభాపతి కళ్ళు తుడుచుకున్నాడు. వేటకుక్కల్ని పెంచేవాళ్ళు కూడా లేచి అతనికి ఓటేశారు. బయట గుర్రాలు సైతం సకిలించడం మానేశాయి. గుర్రాల దగ్గరైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. చదువుకుని నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మా ఆవిడకి వినిపించాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ చివరిదాకా విని, "ఏవండీ, ఆ మనిషి నిజంగానే మూడు గంటలు మాట్లాడాడా, లేక మీ మాటలు అద్దెకిచ్చారా?" అంది.

"రిసెర్చ్ చేశాను," అన్నాను.

"మన పెళ్ళి వీడియోకి వెనక మాటలు చెప్పింది కూడా మీరే. అందులో మా నాన్న పులితో కుస్తీ పట్టాడు. నాకింకా గుర్తుంది."

నవ్వుకున్నాం. ఆవిడ నమ్మలేదు. నేను చెప్పానుగా, మనవాళ్ళకి శాలువా సంగతి తెలుసు.

కమిటీ నమ్మింది. అధ్యక్షుడు వాల్టర్, ఒకప్పుడు మేకులూ సుత్తులూ అమ్మే కొట్టు నడిపిన పెద్దాయన, నాకు ఫోన్ చేసి, "ఇన్నేళ్ళు మేము ఒక మహావక్త పొలం మీద నడుస్తున్నామని మాకే తెలియదు" అన్నాడు. గొంతు వణికింది. నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు. అయ్యా, అది మా వాళ్ళ పద్ధతి, సగానికి కోసుకోండి అని. చెప్పలేదు. ఎందుకు? గొంతు వణికించడం నాకు బాగా నచ్చింది కాబట్టి.

పలక మీద ఏం చెక్కాలో ఖరారు చేయడానికి లైబ్రరీ గదిలో సమావేశం పెట్టారు. మా అమ్మాయి నిహారిక అప్పుడు హైస్కూల్లో ఉంది, బడిలో చూపించాల్సిన వాలంటీర్ అవర్స్ కోసం ఫోటోలు తీయడానికి వచ్చింది. మార్జరీ గారినీ పిలిచారు. వాల్టర్ నిలబడి చదివాడు: "ఈ నేల దున్నిన ఎలీషా పెంబర్. రైతు, శాసనసభ్యుడు. తన అనర్గళ వాక్కుతో సభను కదిలించినవాడు."

మార్జరీ చెయ్యెత్తింది, క్లాసులో పిల్లలు ఎత్తినట్టు.

"అది సరికాదు వాల్టర్. ఆయన సభలో మాట్లాడలేదు."

"మూడు గంటలు మాట్లాడాడు మార్జరీ. ఇదిగో, పుస్తకంలో వివరంగా ఉంది."

"ఆయన మ..." అని ఆగింది.

ఆగిపోయింది. నేను ఆవిడ పెదాలు చూస్తున్నాను. రెండు పెదాలూ గట్టిగా అతుక్కుపోయి, వెనక మాట నిలబడి తలుపు తోస్తున్నట్టు. అరవై ఏళ్ళుగా రానిది ఆ గదిలో తిరిగొచ్చింది.

"మ... మ... మాట్లాడలేదు. మా అమ్మమ్మ చెప్పింది. ఆయనకి న... నాలాగే..."

వాల్టర్ చెడ్డవాడు కాదు. అదే కష్టం. ఎంతో మెత్తగా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "చిన్నప్పుడు విన్నవి కదా మార్జరీ, ఈ వయసులో ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. నాకూ అంతే. మొన్న నా కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది" అన్నాడు. అందరూ కాస్త నవ్వారు. ఆవిడని తేలికపరచడానికే నవ్వారు. తర్వాత వాల్టర్ నా వైపు తిరిగాడు.

"డైరీలన్నీ చదివింది నువ్వొక్కడివే కదా. నువ్వు చెప్పు. ఏముంది అందులో?"

ఇదీ ఆ క్షణం. ఆరు సెకన్లు. ఆరు సెకన్లే, దీన్ని నేను పెంచలేదు.

మార్జరీ నన్ను చూసింది. కోపం లేదు. ఇంకేముంది, ఇతను చదివాడు కదా, చెబుతాడు అన్న నిబ్బరం. చెప్పాల్సింది నాలుగు మాటలు. ఆవిడ చెప్పింది నిజం, నేను కల్పించాను. అంతే కదా?

"మాట్లాడాడనే ఉంది," అన్నాను.

ఆవిడ నిబ్బరం ఎలా పోయిందో రాయాలి. నాకు ఉపమానాలు కొదవ లేదు, ఒక్కటీ వాడను. ఆవిడ చెయ్యి దించింది. బల్ల మీద చూపు పెట్టింది. "అలాగా," అంది. "అయితే నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానేమో" అంది. ఈ వాక్యం ఒక్క తడబాటు లేకుండా వచ్చింది.

ఎందుకు చెప్పానా అబద్ధం? తొమ్మిదేళ్ళుగా నాకు నేను రకరకాల జవాబులు చెప్పుకున్నాను. ఆ గదిలో మా అమ్మాయిని వదిలేస్తే మన రంగువాణ్ణి నేనొక్కణ్ణే, నేను అబద్ధాలకోరునని తేలితే ఆ పేరు నా ఒక్కడికే ఆగదు, మా కాలనీలో ఉన్న మనవాళ్ళందరికీ అంటుతుంది అనుకున్నాను. ఈ జవాబు చాలాకాలం పనిచేసింది. ఇందులో కాస్త నిజం కూడా ఉంది. మా అమ్మాయి కెమెరా పట్టుకుని చూస్తోంది, దాని ముందు తలొంచుకోలేకపోయాను, అని ఇంకోటి. ఇందులోనూ నిజముంది. కానీ వీటన్నిటి అడుగున ఉన్నది తీసి చూపించమంటే, నేను రాసింది బాగుంది. అంతే. సభాపతి కళ్ళు తుడుచుకునే ఆ వాక్యాన్ని కొట్టేయడానికి నాకు మనసొప్పలేదు. ఒక ముసలావిడ జ్ఞాపకాన్ని కొట్టేయడానికి ఒప్పింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నిహారిక అడిగింది. "నాన్నా, ఆమె ఎందుకు అట్లా షేక్ అయ్యింది? యూ సా, రైట్?"

"చలికి."

"లోపల హీటింగ్ ఉంది కదా."

రేడియో పెట్టాను.

ఇక్కడితో అయిపోతే నాది నోరు జారిన తప్పు అనుకునేవాణ్ణి. అవలేదు. రెండు రోజుల తర్వాత మార్జరీ ఫోన్ చేసింది. ప్రసంగం సంగతి ఉన్న ఆ పేజీ ఒకసారి చూడాలనుందని అంది. అనుమానంతో కాదు. "నా కళ్ళతో చూస్తే నా మనసు కుదుటపడుతుంది" అంది. అలాగే అన్నాను. తొమ్మిదో పుస్తకం తీసి జేబులో పెట్టుకున్నాను. మిగతా వాటిని అట్టపెట్టెలో సర్ది తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆవిడ మళ్ళీ వేళ్ళతో లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది.

"పదకొండున్నాయి."

"పదకొండే ఇచ్చారండీ," అన్నాను.

"పన్నెండనుకున్నానే."

"పదకొండే."

"మరి ఆ పేజీ?"

"అంత పాత కాగితాలు కదండీ, కొన్ని చెరిగిపోయాయి. నేను చదివినప్పుడే సరిగ్గా కనబడలేదు."

ఆవిడ వాదించలేదు. సమావేశానికి ముందైతే వాదించేది, నా బూట్లని కూడా కలిపి తిట్టేది. ఇప్పుడు పెట్టె మూత పెడుతూ తన వేళ్ళ వైపే చూసుకుంది, అవి కూడా తనకి అబద్ధం చెప్పాయేమో అన్నట్టు. మొదటి అబద్ధం పేరాశతో చెప్పాను, రెండోది పిరికితనంతో. ఈ మూడోది? దీనికి నా దగ్గర ఏ పేరూ లేదు. పెట్టబోతే ప్రతి పేరూ నాకు కాస్త అనుకూలంగానే ఉంటోంది.

ఎండాకాలం మొదట్లో పలక ఆవిష్కరణ జరిగింది. మన వాళ్ళు పులిహోర, గారెలు ట్రేలలో తెచ్చారు. పిల్లలు, "ఇది అంకుల్ రాశారు" అని ఫోటోలు దిగారు. మార్జరీ ముందు వరసలో కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టింది. నాతో చెయ్యి కలిపి, "బాగా రాశావు" అంది. ఆ తర్వాత ఆవిడ ఎవరితోనైనా ఏదైనా చెబితే చివర ఒక మాట చేర్చడం మొదలుపెట్టింది. 'నాకు గుర్తున్నంతవరకు.' 'నేను పొరబడి ఉండొచ్చు.' పిల్లలకి ఎక్కాలు నేర్పిన మనిషి, తన ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో చెప్పడానికి కూడా 'అనుకుంటాను' అనేది. తన ముత్తాత నత్తి సంగతి మాత్రం మళ్ళీ ఎవరితోనూ చెప్పినట్టు నేను వినలేదు.

రెండేళ్ళకి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేయించి, ఆవిడని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక వృద్ధుల హోమ్‌లో చేర్చాడు. ఆవిడ మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, అసలు కారణం అదే. నా వల్లే అంటే అది కూడా నా అతిశయోక్తే అవుతుంది, నన్ను నేను పెద్దవాణ్ణి చేసుకోవడమే. కానీ ఆ అబ్బాయి సామాన్లు ఎక్కిస్తూ నాతో అన్నాడు: "ఆంటీకి మతిమరుపు కూడా మొదలైంది కదండీ. ఆ పలక గొడవప్పుడే మాకు అర్థమైంది." నేను అట్టపెట్టె ఒకటి వ్యాన్‌లోకి అందించాను. "అవునండీ, పాపం" అన్నాను. ఇది నాలుగోది.

తొమ్మిదో పుస్తకం మా బేస్‌మెంట్‌లో ఉంది. వినాయక చవితి సామాను పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలో, పాలవెల్లి కింద. ఏటా పండగ ముందురోజు ఆ డబ్బా నేనే పైకి తెస్తాను, ఎవర్నీ ముట్టుకోనివ్వను. "ఏడాదికి ఒక్క పనికి అడక్కుండా లేస్తారు, అదైనా సంతోషం," అంటుంది మా ఆవిడ. నాకు భక్తి పెరిగిందని ఆవిడ అనుకుంటోంది.

ఒక ఆదివారం ఆ పుస్తకం కోటు జేబులో పెట్టుకుని ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళాను. చెట్లు ఎర్రగా మారే రోజులు. మార్జరీ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఆ పేజీ తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పైకి జరుపుకుని చదివింది. 'మాట రాలేదు. హార్వే చదివాడు.' రెండుసార్లు చదివింది. తర్వాత నవ్వింది. కోపం రాలేదా అని అడిగాను. "పోనీలే, జీవితమంతా మాట రాని మనిషికి నీ పుస్తకంలోనైనా మూడు గంటలు వచ్చింది," అంది. నా చెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి ఎర్రటి ఆకుల వెలుగు ఆవిడ ఒళ్ళో పడింది.

బాగుంది కదూ? నాకూ బాగుంది. ఎన్నోసార్లు చదువుకున్నాను.

అది నేను కల్పించింది. ఈ మొత్తంలో పూర్తిగా కల్పించింది అదొక్కటే. సమావేశం, పదకొండు పుస్తకాలు, వ్యాన్, ఆ నాలుగు అబద్ధాలు, అన్నీ జరిగినవే. ఆదివారం వెళ్ళిన మాట నిజం. ఆ హోమ్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. పుస్తకం పక్క సీటు మీద ఉంది. లోపలికి వెళ్ళలేదు. నలభై నిమిషాల తర్వాత ఇంటికొచ్చి, ట్రాఫిక్ అన్నాను. ఆ చలికాలమే మార్జరీ పోయింది. కాలనీ వాళ్ళ ఈమెయిల్లో రెండు వరసల్లో రాశారు. ఆవిడ నన్ను క్షమించలేదు. క్షమించాల్సింది ఉందని కూడా ఆవిడకి తెలియదు. మతి తప్పింది తనకేనని అనుకుంటూ పోయింది.

ఇంకొకటి. నేను దీన్ని తెలుగులో రాస్తున్నాను. వాల్టర్‌కి తెలుగు రాదు. ఆ తమ్ముడి కొడుక్కి రాదు. నిహారిక మాట్లాడుతుంది గానీ చదవలేదు. అంటే తెలియాల్సిన వాళ్ళెవ్వరూ చదవలేని భాష వెతుక్కుని ఒప్పుకుంటున్నాను. ఇందులో కూడా ఒక కన్ను తప్పించుకునే దారి మీదే ఉందని మీరు పసిగట్టే ఉంటారు. నేనూ పసిగట్టాను. అందుకే ఈ కింది నాలుగు మాటలే ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాశాను. కాగితం, బేస్‌మెంట్ నుంచి పైకి తెచ్చిన ఆ తొమ్మిదో పుస్తకం బల్ల మీద ఉన్నాయి, కవర్ మీద కమిటీ అడ్రసుంది. పంపానని ఇక్కడ రాస్తే మీరు నమ్మరు. నమ్మకూడదు కూడా. కాబట్టి రాయను.

ఎలీషా పెంబర్‌కి నత్తి. శాసనసభలో అతను ఒక్క మాట మాట్లాడలేదు. మార్జరీ నాకు పన్నెండు పుస్తకాలు ఇచ్చింది. ఆవిడకి అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి.